బొట్టంత కారం

నెల్లూరువాళ్ళకు కారం దోశ కొత్త కాదు. మా ఊళ్ళో నేతి కారం దోశ తిని పెరిగిన ఏడేళ్ళ మా అమ్మాయి కడప తిండికి జంకుతుందని నాకు తోచనే లేదు. జనవరిలో ఒక శుక్రవారం తెల్లవారుజామున బయలుదేరినప్పుడు నా బెంగంతా మూడేళ్ళ చిన్నవాడి మీదే ఉంది. వాడి కోసం బ్రెడ్డు, బిస్కెట్లు, అరటిపళ్ళు, అటుకుల పొడి ఒక సంచి నిండా సర్దుకున్నాను. మా వారు ఆ సంచిని చూసి, మనం వెళ్ళేది కడపకా, కరువు ప్రాంతానికా అని నవ్వారు.

ఆత్మకూరు, బద్వేలు మీదుగా కడప చేరేసరికి ఎండెక్కింది. మధ్యాహ్నం పిల్లలకు సౌకర్యంగా ఉంటుందని ఒక పెద్ద ఏసీ రెస్టారెంటుకు వెళ్ళడం మేము చేసిన మొదటి పొరపాటు. పుస్తకమంత మెనూలో నూడుల్స్ నుంచి పిజ్జా దాకా ఉన్నాయి గాని, పప్పన్నం లేదు. చెప్పినది రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ప్లేటు వచ్చేవేళకు చిన్నవాడు అత్తమ్మ ఒడిలో నిద్రపోయాడు, పెద్దది ఐస్‌క్రీముతో కడుపు నింపుకున్నది.

సాయంత్రం దేవుని కడపకు వెళ్ళాము. తిరుమలకు తొలి గడపగా పేరుబడిన ఈ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాదినాడు ముస్లిములు కూడా వచ్చి మొక్కులు చెల్లించుకుంటారని అత్తమ్మ పిల్లలకు చెబుతూ ఉండగానే, చిన్నవాడు మెట్లమీద చతికిలబడి ఆకలి అని ప్రకటించాడు. అంతటితో ఆనాటి దర్శనాలు ముగిశాయి. పెద్ద దర్గాకు వెళ్ళాలన్న ఆలోచన మరునాటికి వాయిదా పడింది.

ఏడు రోడ్ల కూడలికి కొంత దూరంలో, పెనం వీధివైపుకు పెట్టుకున్న చిన్న టిఫిన్ సెంటర్ కనిపించింది. రద్దీ ఇంకా మొదలు కాలేదు. పెనం ఎదురుగా ఉన్న టేబులే కావాలని పిల్లలు పట్టుబట్టారు. ఆ తరువాత కాసేపు వాళ్ళను ఆడించవలసిన అవసరమే మాకు రాలేదు. మాస్టరు నల్లటి పెనం మీద నీళ్ళు చిలకరించగానే సుయ్యిమని ఆవిరి లేచింది. పొట్టి కొబ్బరి చీపురుతో ఒక్క ఊడ్పు ఊడ్చి, పిండి పోసి, మా నెల్లూరు దోశకంటే మందంగా తిప్పాడు. తడి ఆరీ ఆరకముందే ఎర్రకారాన్ని గరిటె అడుగుతో అంచుల దాకా పులిమి, దాని మీద పప్పుల పొడిని వేళ్ళ సందుల్లోంచి రాల్చాడు. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పు చేర్చి రుబ్బిన కారం అది. దాని ఘాటు నాలుకకంటే ముందు ముక్కుకు తెలిసింది.

నాకు తెలిసింది గాని మా అమ్మాయికి తెలియలేదు. ఊరి అలవాటు కొద్దీ పెద్ద తుంపు తుంచి నోట్లో పెట్టుకున్నది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. ఆ తరువాత చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. నేను గ్లాసు అందించబోతుంటే మాస్టరు పెనం దగ్గర్నుంచే, "పాపకు నీళ్ళియ్యద్దండమ్మా, పెరుగు ఇయ్యండి" అని కేక వేసి, తనే ఒక కప్పు పంపించాడు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. మిరపకాయకు మంటనిచ్చే కాప్సైసిన్ నీటిలో కరగదు కనుక నీళ్ళు తాగితే ఆ మంట నోరంతా పరుచుకుంటుందే గాని తగ్గదు. పాలు, పెరుగులలోని కొవ్వు, కేసిన్ అనే ప్రోటీను దానిని పట్టి లాగేస్తాయి. చదువుకున్న సంగతే అయినా, బిడ్డ ఏడుస్తుంటే నా చెయ్యి ముందు నీళ్ళ గ్లాసు మీదకే పోయింది.

చిన్నవాడి కోసం మాస్టరు, మేము అడగకుండానే, కారం వేయకుండా వెన్న రాసి, పప్పుల పొడి మాత్రం చల్లి అరచేయంత దోశ పోశాడు. బోర్డు మీద అటువంటి దోశ లేదు. దానికి మావాడు 'తెల్ల దోశ' అని పేరు పెట్టి ఒకటిన్నర తిన్నాడు. నా బిస్కెట్ల సంచి ఆ రాత్రి డిక్కీలోనే ఉండిపోయింది.

శనివారం పొద్దున్నే ఉగ్గాని తిని గండికోటకు బయలుదేరాము. నానిన బొరుగుల తిరగమాత ఇద్దరికీ నచ్చింది, పక్కనున్న మిరపకాయ బజ్జీని మాత్రం మా అమ్మాయి ప్లేటు అంచుకు జరిపి అనుమానంగా చూసింది. జమ్మలమడుగు దాటి సుమారు 15 కిలోమీటర్లు వెళితే కోట వస్తుంది. గండి అంటే చెరువుకు పడేది కదా అని మా అమ్మాయి అడిగింది. ఇక్కడ కొండకే పడిందని, ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోటు కనుకనే గండికోట అయిందని చెప్పాను. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం వేగంగానే చూశాము. లోయ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాము. నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే ఆ నదిని మేము మా ఊరి దగ్గర వెడల్పాటి ఇసుక మేటల మధ్య చూస్తాము. ఇక్కడ అదే నది ఎర్రటి రాతి గోడల మధ్య సన్నగా, ఆకుపచ్చగా ఒదిగి ఉంది. "ఇది మన పెన్నేనా?" అని అమ్మాయి రెండుసార్లు అడిగింది. లోయ అంచు బండలకు అన్నిచోట్లా కంచె లేదు; చిన్నవాడిని మా వారు చంక దించలేదు. నడక నేర్చిన పిల్లలతో వెళ్ళేవారు ఇద్దరు పెద్దవాళ్ళయినా తోడు లేకుండా అక్కడికి వెళ్ళకపోవడం మంచిది.

మధ్యాహ్నానికి జమ్మలమడుగు తిరిగివచ్చి ఒక మెస్సులో కూర్చున్నాము. మా వారు, నేను నాటుకోడి పులుసు చెప్పాము; అత్తమ్మ శనివారం నీసు ముట్టరు కనుక ఆమెకు పప్పు, ఊరుబిండి అనే రోటి పచ్చడి వచ్చాయి. నడుమ ఆవిరి కక్కుతున్న రాగి సంగటి ముద్దలు. మెత్తగా ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి తెడ్డుతో గెలికి చుట్టే ఆ ముద్దను చూసి చిన్నవాడు బంతి అనుకున్నాడు. వడ్డించే పెద్దాయన వంగి, "నమలగూడదు నాయనా, మింగాల" అని నేర్పబోయాడు. ఆ పద్ధతి పెద్దవాళ్ళకు సరే, మూడేళ్ళ గొంతుకు నేను ఒప్పుకోలేదు. వేడి తగ్గేదాకా ఆగి, శనగగింజంత తుంపులు చేసి, నెయ్యి కలిపిన పప్పులో ముంచి పెట్టాను. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని ఇంట్లో ఎన్ని రకాల జావలు కాచినా తాగని పిల్లవాడు, అక్కడ సగం ముద్ద తిని చేతులు నాకాడు. పప్పు మూడుసార్లు అడిగినా పెద్దాయన విసుక్కోలేదు. ఊరుబిండి ఎలా నూరుతారో అత్తమ్మ ఆయనను గుచ్చి గుచ్చి అడుగుతుంటే, చివరకు వంటగదిలోనుంచి ఆయన భార్యే బయటికి వచ్చి చెప్పింది.

ఆదివారం ఉదయం మళ్ళీ ఆ టిఫిన్ సెంటరుకే వెళ్ళాము. గువ్వలచెరువు ఘాటులో పాలకోవా కొనుక్కుని గాని ఇల్లు చేరేది లేదని తీర్మానించుకున్న అత్తమ్మ, తొందరగా కానివ్వండి అని మమ్మల్ని తరుముతూనే ఉన్నారు. ఆ దారి మా ఊరికి పూర్తిగా ఎదురు దిక్కని మా వారు చెప్పి చూసినా లాభం లేకపోయింది. మాస్టరు మమ్మల్ని గుర్తుపట్టి, "తెల్ల దోశ పిల్లోడు వచ్చినాడే" అని పలకరించాడు. మా అమ్మాయి లేచి పెనం దగ్గరకు వెళ్ళింది.

"నాకూ తెల్ల దోశే. కానీ ఒక మూల కొంచెం కారం పెట్టండి."

"కొంచెమంటే ఎంత పాపా?"

అమ్మాయి వెనక్కి తిరిగి నా ముఖం చూపించి, "అమ్మ బొట్టంత" అన్నది.

మాస్టరు చెంచా కొనతో ఎర్రకారం తీసి దోశ మూలన గుండ్రంగా అద్దాడు. మా అమ్మాయి చుట్టూ ఉన్న దోశంతా తిని, ఆ బొట్టున్న తుంపును చివరిదాకా అట్టేపెట్టింది. అత్తమ్మ లేచి నిలబడ్డారు. అప్పుడది పెరుగు కప్పును ఎడమచేత్తో తన దగ్గరకు లాక్కుని, కుడిచేత్తో ఆ తుంపు నోట్లో పెట్టుకున్నది.