బ్లీక్‌లో అనే కొండ మీద పదమూడు పేర్లు

ఆ పుస్తకం నాకు షెఫీల్డ్‌లో ఒక చారిటీ షాపులో దొరికింది. ఖరీదు రెండు పౌండ్లు. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడితే వాన పట్టుకుంది, తడవకుండా ఆ షాపులో దూరాను. కిటికీ పక్క అరలో ఉన్నదంతా ఈ ఊరి చుట్టుపక్కల చరిత్రే. మూతబడిన ఉక్కు కర్మాగారాలు, పాత ట్రాములు, 1940 డిసెంబరులో షెఫీల్డ్ మీద పడిన బాంబులు, ఫలానా వీధి నుంచి సైన్యంలోకి వెళ్ళిన కుర్రాళ్ళు. వాటి మధ్య రాన్ కోలియర్ రాసిన 'డార్క్ పీక్ ఎయిర్‌క్రాఫ్ట్ రెక్స్' కనిపించింది. షెఫీల్డ్‌కి పడమటి దిక్కున, డార్క్ పీక్ అనే బీడు కొండల్లో కూలిన విమానాల కథలు అందులో ఉన్నాయి.

కొనేలా చేసినవి మాత్రం పెన్సిల్ రాతలు. ఎవరో పాత యజమాని ఒక్కో విమానం దగ్గరికీ నడిచి వెళ్ళి, ఆ పేజీ అంచున టిక్కు పెట్టి, రెండు మూడు ముక్కలు రాసుకున్నారు. ఒకచోట 'ఎండ, ఒంటరిగా'. ఇంకోచోట 'దొరకలేదు, మళ్ళీ రావాలి'. 1948 నవంబరు 3న కూలిన అమెరికా బి-29 బాంబర్ పేజీ దగ్గర 'పొగమంచు, పోర్క్ పై, నాన్న'. పోర్క్ పై అంటే పంది మాంసం కూరి కాల్చే ఒక తిండి. అంతే. ఆ మూడు మాటలూ ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఏప్రిల్ నెలాఖరులో మా నాన్న ఏలూరు నుంచి వచ్చారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నేను డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకం ముందేసుకుని కూర్చునేవారు. వారం తిరిగేసరికి ఆ కొండల పేర్లు నాకంటే ఆయనకే బాగా వచ్చేశాయి. "అమ్మా, ఇక్కడికి మనం వెళ్ళలేమా?" అన్నారు ఒక రాత్రి, బి-29 పేజీ మీద వేలు పెట్టి. అరవై ఆరేళ్ళ మనిషిని ఆ బురద నేలకి తీసుకెళ్ళడమంటే నాకు టెన్షనే. కానీ రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి, కాదనలేకపోయాను. వరసగా రెండు రోజులు సెలవు పెట్టాను. మొదటి రోజు బార్న్‌స్లీ, రెండో రోజు కొండ.

బార్న్‌స్లీ ఎందుకంటే ఈ పుస్తకం పుట్టింది అక్కడే. బార్న్‌స్లీ క్రానికల్ అని ఆ ఊరికో వారపత్రిక ఉంది. అందులో ఈ విమానాల మీద వారం వారం వ్యాసాలు వచ్చాయి. జనం అడగబట్టి వాటిని పుస్తకంగా వేశారు. ఆ తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరు పంపిన రెండు బెటాలియన్ల కథ కూడా అలాగే వారం వారం వచ్చి పుస్తకమైంది. అలా మొదలైన ఆ ప్రచురణ పనే తర్వాత పెన్ అండ్ సోర్డ్ అనే ప్రచురణ సంస్థగా ఎదిగింది. ఇవాళ బ్రిటన్‌లో సైనిక చరిత్ర చదివేవాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు అరుదు. లండన్‌లో కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో కాదు, బొగ్గు గనుల ఊళ్ళో, ఊరి పేపరు చదివే జనం అడిగితే పుట్టింది. నాకు ఈ సంగతి చాలా ఇష్టం.

షెఫీల్డ్ నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి టౌన్‌హాల్ వైపు నడుస్తుంటే నాన్న టక్కున ఆగిపోయారు. ఎదురుగా వేలు పైకెత్తి ఔట్ ఇస్తున్న అంపైర్ కంచు విగ్రహం. "డికీ బర్డ్ కదూ!" 1983 ప్రపంచ కప్పు ఫైనల్‌కి అంపైర్లు ఇద్దరిలో ఆయనొకరు. ఆ మ్యాచ్ కామెంటరీని ఏలూరులో ఎవరింట్లో, ఏ రేడియోలో విన్నారో నాన్న అక్కడే నిలబడి పావుగంట చెప్పారు. ఆయన ఈ ఊరి మనిషేనని మా ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు.

టౌన్‌హాల్ తెల్లటి రాతి కట్టడం. దాని ముందే యుద్ధ స్మారకం, లోపల ఊరి మ్యూజియం. మ్యూజియానికి టికెట్ లేదు. గని కార్మికుల సామాను, గాజు బట్టీల సీసాలు, పెళ్ళి ఫోటోలు చూసుకుంటూ నడిచాం. నాన్న మనసంతా ఆ రెండు బెటాలియన్ల మీదే ఉంది. 1914లో సైన్యంలో చేరమని బ్రిటన్ యుద్ధ మంత్రి కిచనర్ పిలుపిచ్చినప్పుడు, ఒక ఊరివాళ్ళు, ఒక చోట పనిచేసేవాళ్ళు కలిసి చేరితే కలిసే ఉండనిస్తామన్నారు. స్నేహితులన్న అర్థంలో వాటిని 'పాల్స్' బెటాలియన్లు అన్నారు. బార్న్‌స్లీ నుంచి యార్క్ అండ్ లాంకాస్టర్ రెజిమెంటుకి 13, 14వ బెటాలియన్లు వెళ్ళాయి. చాలామంది బొగ్గు తవ్వే చేతులవాళ్ళే.

1916 జూలై 1 ఉదయం ఏడున్నరకి, ఫ్రాన్సులో సేర్ అనే పల్లె ముందు ఆక్రింగ్టన్, షెఫీల్డ్ ఊళ్ళ కుర్రాళ్ళు కందకాల్లోంచి మొదట లేచారు. వెనక బార్న్‌స్లీవాళ్ళు. ఆక్రింగ్టన్ బెటాలియన్ నుంచి దాడికి దిగినవాళ్ళు సుమారు 720 మంది. వాళ్ళలో 584 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. సోమ్ యుద్ధం మొదటి రోజు మొత్తం మీద బ్రిటిష్ సైన్యానికి కలిగిన నష్టం 57,470 మంది. అందులో చనిపోయినవాళ్ళే 19,240. కలిసి ఉండనిస్తామన్న మాట నిలబెట్టుకున్నందుకు, ఒకే వీధిలో ఇల్లు తర్వాత ఇల్లు తలుపుకి కబురొచ్చింది.

యాభై ఏడు వేలంటే మనసుకి అందదు. ఫలానా వీధి, పదిహేడో నంబరు ఇల్లు, వయసు పంతొమ్మిది, గనిలో తోపుడుబండి పని అంటే అందుతుంది. ఊరి చరిత్ర పుస్తకాలు చేసే పని అది. అన్నీ గొప్పవని నేననను. తుపాకి మోడల్ నంబర్లు, జనరల్ గార్ల ఫోటోలతో నిండిపోయి, ఒక్క మనిషి మొహం కూడా కనపడని పుస్తకాలు ఇదే అరల్లో బోలెడు. అలాంటివి నేను తీసిన చేత్తోనే పెట్టేస్తాను.

మార్కెట్ దగ్గర పాత పుస్తకాల దుకాణంలో నాన్నకి ఐర్లాండ్ రెజిమెంట్ల మీద ఒక పుస్తకం దొరికింది. తిరుగు రైల్లో అందులో ఒక పేజీ నాకు చదివి వినిపించారు. 1920 జూన్‌లో మన జలంధర్‌లో ఉన్న కనాట్ రేంజర్స్ సైనికులు, తమ దేశంలో బ్రిటిష్ బలగాలు చేస్తున్న దౌర్జన్యాలకి నిరసనగా ఆయుధాలు కింద పెట్టేశారు. జేమ్స్ డేలీ అనే కుర్రాణ్ణి ఆ ఏడాది నవంబరు 2న దగ్షాయిలో కాల్చి చంపారు. అతని అస్థికలు ఐర్లాండ్ చేరింది 1970లో. "యాభై ఏళ్ళు మన మట్టిలోనే ఉన్నాడమ్మా" అని పుస్తకం మూసి, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి తనే అన్నారు: "ఇవి మన కైఫీయతుల్లాంటివేనే." నిజమే. ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాలు, ఏ దొర వచ్చాడు, ఏ దండు దోచింది, అన్నీ ఊరి కరణాల్నీ పెద్దల్నీ అడిగి రాయించిన కాగితాలు కదా కైఫీయతులు. వాటిని సేకరించిన కాలిన్ మెకంజీ ఈ దేశంవాడే, స్కాట్లండ్‌లో లూయిస్ దీవి మీద స్టోర్నోవేలో పుట్టినవాడు. ఆయనకి చేతులూ చెవులూ అయినవాళ్ళు మా ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య. నాన్న ఆ సంగతి ప్రతి బ్యాచ్ పిల్లలకీ చెప్పేవారట. మా ఊరి కైఫీయతు తీసి చదువుకున్నవాళ్ళు మా ఊళ్ళో ఎంతమంది? నాతో సహా ఎవరూ లేరు. బార్న్‌స్లీలో అలాంటి పుస్తకం కొట్లో అమ్ముతారు, చదివినవాళ్ళు ఆదివారం పూట దాన్ని పట్టుకుని కొండెక్కుతారు. నాకు అసూయ వేసింది, దాచుకోను.

మర్నాడు పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. అద్దె కారులో స్నేక్ పాస్ పైకి చేరేసరికి ఎనిమిదైంది. పాము కనుమ అన్న పేరు రోడ్డు మెలికల వల్ల వచ్చిందనుకున్నారు నాన్న. కాదు, దారిలో ఉన్న స్నేక్ ఇన్ అనే సత్రం వల్ల వచ్చింది. దానికా పేరు ఈ భూములు ఏలిన కావెండిష్ కుటుంబం వంశ చిహ్నంలోని పాము నుంచి వచ్చింది. అక్కడి నుంచి ఉత్తరంగా పెన్నైన్ వే కాలిబాట. మొదట్లో నడక సుఖమే, బురద మీద పెద్ద పెద్ద రాతిపలకలు పరిచారు. మూతబడ్డ పాత మిల్లుల నేలల నుంచి తెచ్చినవి. కొన్నిటికి యంత్రాలు బిగించిన బెజ్జాలు ఇంకా ఉన్నాయి. వాటిలో వాన నీళ్ళు నిలిచి, ఒక్కో బెజ్జంలో ఒక్కో ఆకాశం ముక్క.

పలకలు అయిపోయాక డెవిల్స్ డైక్ అనే పల్లపు దారి. తర్వాత హెర్న్ క్లఫ్ వాగు. దాని దగ్గర పెన్నైన్ వే వదిలేసి పడమటికి తిరగాలి. సరిగ్గా అక్కడే మంచు దిగింది. ఐదు నిమిషాల్లో ముందు నడుస్తున్న నాన్న నీలం రెయిన్ కోటు తప్ప ఏమీ కనపడలేదు. అక్కడి నేల పీట్, వేల ఏళ్ళ గడ్డీ నాచూ కుళ్ళి పేరుకున్న నల్ల మట్టి. వాన నీళ్ళు దాన్ని మనిషెత్తు కాలవలుగా కోసేశాయి. ఒక కాలవలోకి దిగి పైకెక్కేసరికి దిక్కు మారిపోతుంది. నా కుడి కాలు మోకాలిదాకా దిగిపోయింది. లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. నాన్న బోర్లా పడుకుని, మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి తీశారు. ఎక్కడో ఒక పిట్ట ఒకే సన్నటి ఈల, మళ్ళీ మళ్ళీ. గోల్డెన్ ప్లోవర్ అయి ఉంటుంది.

ఫోన్‌లో మ్యాపు చూసుకుంటూ ఇరవై నిమిషాలు తిరిగాం. తెల్ల దూది పూసిన పత్తిగడ్డి మధ్య మొదట ఒక రేకు ముక్క మెరిసింది. తర్వాత ఇంకోటి. మంచు కాస్త పలచబడింది. చూస్తే మేం దాని మధ్యలోనే నిలబడి ఉన్నాం.

రెక్క ఆ చివర నుంచి ఈ చివరికి 43 మీటర్లుండే విమానం. 1946లో బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షల్ని ఫోటోలు తీసినది. పేరు 'ఓవర్ ఎక్స్‌పోజ్డ్', అంటే వెలుతురు మరీ ఎక్కువ పడిన ఫోటో, ఫోటోగ్రాఫర్లు తమ విమానానికి పెట్టుకునే పేరే. ఆ రోజు లింకన్‌షైర్‌లోని స్కాంప్టన్ నుంచి వారింగ్టన్ దగ్గరి బర్టన్‌వుడ్ స్థావరానికి వెళ్తోంది. అరగంట కూడా పట్టని ప్రయాణం. సైనికుల జీతాల డబ్బు, ఉత్తరాలు ఉన్నాయి. మబ్బు కిందిదాకా దిగి ఉంది. లెక్క ప్రకారం కొండలు దాటేశామనుకుని కిందికి దిగి ఉంటారు. బ్లీక్‌లో కొండ మీద, 621 మీటర్ల ఎత్తున్న హయ్యర్ షెల్ఫ్ స్టోన్స్ పక్కనే నేలని కొట్టుకున్నారు. పదమూడుమందిలో ఒక్కరూ మిగల్లేదు. దగ్గర్లోనే శిక్షణ ముగించుకుంటున్న ఎయిర్‌ఫోర్స్ పర్వత రక్షక దళం వచ్చేసరికి చెయ్యడానికేమీ లేదు. చనిపోయినవాళ్ళు కొద్ది రోజుల్లో అమెరికా తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు. 1970లలో ఇక్కడి మనిషి ఒకాయనకి ఈ పీట్ మట్టిలో ఒక పెళ్ళి ఉంగరం దొరికింది. కెప్టెన్ లాండన్ టానర్‌ది.

ఇంజన్ల దగ్గర కూర్చున్నాను. సిలిండర్ల చుట్టూ దువ్వెన పళ్ళలా సన్నటి రెక్కలు, వాటి సందుల్లో నల్లమట్టి, మట్టిలో పచ్చటి నాచు. ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. అల్యూమినియం మాత్రం డెబ్భై ఏళ్ళు దాటినా నిన్న వేసిన రేకులా ఉంది. రివెట్లు వరసగా, ఒక్కటి కూడా పక్కకి జరక్కుండా ఉన్నాయి. ఎవరో చేత్తో కొట్టిన వరస. తాకాను, చల్లగా తడిగా ఉంది. 1988లో పెట్టిన స్మారక ఫలకం చుట్టూ, పోయిన సైనికుల గుర్తుగా పెట్టే కాగితపు పాపీ పూలు, అరచేతంత చెక్క సిలువలు. ఎవరూ ఏమీ తీసుకెళ్ళకూడదని అందరికీ తెలుసు. నాన్న కాలికి తగిలిన చిన్న బోల్టుని తీసి, ఎక్కడుందో సరిగ్గా అక్కడే పెట్టారు.

తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశారు. ముందు రోజు రాత్రి ఆయన దీపం ఆర్పకుండా ఏం రాస్తున్నారో నాకప్పుడు అర్థమైంది. పదమూడు పేర్లు, తెలుగు అక్షరాల్లో, బ్లాక్‌బోర్డు మీద రాసే ఆ గుండ్రటి రాతలో. చెప్పులు కాదు కదా విడవడానికి, బురద బూట్లు. అయినా టోపీ తీసి, క్లాసులో హాజరు పట్టీ చదివినట్టు ఒక్కో పేరూ చదివారు. ప్రతి పేరు తర్వాత కాస్త ఆగారు. కొన్ని తప్పుగా పలికారేమో, నేను సరిచెయ్యలేదు.

అక్కడికి కొంచెం దూరంగా, గాలి తగలని ఒక రాతి పక్కన పులిహోర తిన్నాం. ఎదురుగా జేమ్సెస్ థార్న్ వైపు మంచు ఇంకా కరగలేదు. అటు 1945 మేలో కెనడావాళ్ళ లాంకాస్టర్ కూలి ఆరుగురు పోయారు. జూలైలో అమెరికా డకోటా, ఏడుగురు. పుస్తకంలో ఆ రెండు పేజీల పక్కనా పెన్సిల్ టిక్కులున్నాయి. నాన్న నా వైపు చూశారు. "మీ మోకాళ్ళు బాగుంటే వచ్చే వారం" అన్నాను.

కారులో హీటర్ వేసుకుని, బూట్లు వెనక పడేసి, పుస్తకం తీశాను. నాన్న ఆ కాగితాన్ని తిరిగి జేబులో పెట్టుకోలేదు. నాలుగు మడతలు పెట్టి 1948 పేజీలో దాచారు. నా దగ్గర పెన్సిల్ లేకపోతే ఆయన చొక్కా జేబులో ఉంది, ఎప్పుడూ ఉంటుంది. పాత రాత కింద తేదీ వేసి, తెలుగులో రాశాను: పొగమంచు, పులిహోర, నాన్న.