వెట్ ప్లేట్ నేర్చుకోబోయి పరువు పోగొట్టుకున్నాను

వేళ్లకి అంటిన సిల్వర్ నైట్రేట్ మరకలు ఇంకా పోలేదు. గ్లవ్స్ వేసుకోమని ముందే చెప్పారు, నేనే వినలేదు.

పాత ల్యాండ్‌స్కేప్ ఫోటోలంటే నాకు పిచ్చి. తెల్లబారిన దూరపు కొండలు, చీకటి ముద్దల్లాంటి చెట్లు, ఏమీ లేని ఆకాశం. ఆ దిగులు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని వెట్ ప్లేట్ నేర్పే 2 రోజుల వర్క్‌షాప్‌లో చేరాను. గాజుపలక మీద రసాయనాలు తడిగా ఉండగానే ఫోటో తీసే పాతకాలపు పద్ధతి అది.

గాజుపలక తుడవడం, అంచులు అరగదీయడం ఇట్టే అయిపోయింది. పరువు పోయింది కొలోడియన్ (ఈథర్ కలిసిన జిగట ద్రవం, గాజు మీద పొర కట్టేది ఇదే) పోసేటప్పుడు. పలకని వేళ్ల మీద నిలబెట్టి, మధ్యలో కాస్త పోసి, ఒక్కో మూలకీ వంచుతూ, మిగిలింది నాలుగో మూల నుంచి సీసాలోకి ఒంపేయాలి. అదీ కొన్ని సెకన్లలో. నేను పోస్తే రెండో మూలకి చేరేలోపే మోచేతి దాకా కారింది. ఈథర్ వాసనకి తల తిరిగింది. రెండోది మధ్యలో ఆగి గీత పడింది. మూడోదానికి భయపడి తక్కువ పోశాను, ఒక మూల బోసిపోయింది. నాలుగోసారికి నేర్పే ఆయన అందరికీ వినబడేలా, "మేడమ్, మొక్కలకి నీళ్లు పోయడం కాదండీ ఇది" అన్నారు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. (తర్వాత బొమ్మ తేల్చే డెవలపర్ ద్రవం పోయగానే వాడి ప్లేటు పొరతో సహా ఊడొచ్చింది. నాకేమీ బాధ కలగలేదు.) విద్య ఉంటే చాలదు, నేర్పేవాళ్లకి నోరు కూడా అదుపులో ఉండాలి.

అసలు తప్పు నాకే తెలిసింది. ద్రవం మూలకి చేరేదాకా ఆగకుండా పలకని తిప్పేస్తున్నాను. ఏడోది నిలిచింది. మీరు వెళ్లేముందు పాత గాజుముక్క మీద, జిగురు కలిపిన నీళ్లతో చెయ్యి అలవాటు చేసుకోండి.

సిల్వర్ బాత్‌లో, అంటే సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో, 3 నిమిషాలు, తడి ఆరకముందే కెమెరాలోకి, 12 సెకన్ల ఎక్స్‌పోజర్, డెవలపర్. బొమ్మని నిలబెట్టే హైపో ద్రావణంలో పడేశాక పాలలాంటి పొర కరిగి కొండ తేలింది. బయట మబ్బులున్నాయి, ప్లేటు మీద ఒక్కటీ లేదు! కొలోడియన్‌కి కనిపించేది దాదాపుగా నీలం, ఊదా కాంతే. నీలాకాశమూ తెల్లమబ్బూ దానికి ఒకటే. దూరపు కొండ మీది నీలిపొగ తెల్లబడింది, ఆకుపచ్చ నల్లబడింది, గాలికి ఊగిన కొమ్మలు అలుక్కుపోయాయి. ఇన్నేళ్లూ నేను ఫోటోగ్రాఫర్ మనసులోది అనుకున్న దిగులులో సగం ఈ గుడ్డితనమే. 1850ల్లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి ఒకే ప్రింట్‌లో కలిపింది ఇందుకే. అదే కాలంలో మన దేశంలో ఫోటోలు తీసిన బ్రిటిష్ సైనికాధికారి లినేయస్ ట్రైప్ నెగటివ్ మీద రంగుతో మబ్బులే వేసుకున్నాడు.

నా ప్లేటు మూలలో, బొటనవేలితో పట్టుకున్న చోట, ఖాళీ మచ్చ ఉంది. ఫ్రేమ్‌లో దాచేయమన్నారాయన. దాచలేదు.