డెల్ఫ్ ఏ2 ఓరల్: ‘పెళ్లయిందా?’ అంటే ఒక్క ముక్కతో ఆగొద్దు

డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలో ఏ2 స్థాయి ఓరల్ (మాట్లాడే భాగం) మొత్తం 6 నుంచి 8 నిమిషాలు. మొదటి నిమిషంన్నర మన గురించి చెప్పుకోవడమే. ప్రిపేరవడానికి ఇచ్చే 10 నిమిషాలు మిగతా రెండు భాగాలకే కాబట్టి, ఇది ముందే నోటికి వచ్చేసి ఉండాలి. పేరు, ఊరు, ఉద్యోగం అయ్యాక మాట ఎలాగూ కుటుంబం మీదికి మళ్లుతుంది.

చాలామంది సెలిబాతేర్ (పెళ్లి కాలేదు), ఫియాన్సే (నిశ్చితార్థం అయింది), మారియే (పెళ్లయింది), దివోర్సే (విడాకులయ్యాయి) అని పదాలు బట్టీ పట్టి వెళ్తారు. అది ఫారం నింపడానికి సరిపోతుంది. ఓరల్‌లో ‘జ స్యి మారియే’ అని ఊరుకుంటే ఎగ్జామినర్ దేనికి మార్కులు వెయ్యాలి? ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని మనమే పొడిగించాలి. ‘జ మ స్యి మారియే ఆ గుంటూర్’ (గుంటూరులో పెళ్లి చేసుకున్నాను) అన్నామంటే పాసే కొంపోజే, అంటే జరిగిపోయింది చెప్పే భూతకాలం, వచ్చని తెలిసిపోతుంది.

ఆ చిన్న ‘మ’ని మాత్రం మింగెయ్యొద్దు. మనకి ‘పెళ్లి చేశాను’, ‘పెళ్లి చేసుకున్నాను’ ఉన్నాయి చూడండి, సరిగ్గా అదే తేడా. ‘జే మారియే మా ఫియ్’ అంటే మా అమ్మాయికి పెళ్లి చేశానని. మన పెళ్లి ముచ్చటకి ‘మ’ ఉండాలి, ‘జే’ బదులు ‘స్యి’ (ఎత్ర్ అనే సహాయక క్రియ రూపం) ఉండాలి. విడాకులకి ఈ గొడవ లేదు, ‘జే దివోర్సే’ చాలు.

రాతలో ఆడవాళ్లు మారియే, ఫియాన్సే, దివోర్సే చివర ఇంకో ‘e’ అక్షరం చేర్చాలి. పలకడం మారదు. భార్య పోయినాయన వెఫ్, భర్త పోయినావిడ వెవ్, ఇక్కడ మాత్రం తేడా వినబడాలి.

ఫ్రాన్సులో పెళ్లి కాకుండా పాక్స్ అని ఇంకోటుంది. 1999లో చట్టం చేశారు. కలిసి బతికే ఇద్దరు రిజిస్టర్ చేయించుకునే ఒప్పందం అది. చదివే, వినే ప్రశ్నల్లో ‘పాక్సే’ కనిపిస్తే పెళ్లయిందని టిక్ పెట్టకండి. ఇంకో సంగతి, అమ్మాయిలూ: క్లాస్‌మేట్ గురించి చెబుతూ ‘మఁ కొపాఁ’ (నా ఫ్రెండ్) అంటే బాయ్‌ఫ్రెండ్ అనుకుంటారు. ‘అఁ కొపాఁ’ (ఒక ఫ్రెండ్) అనండి.

చుట్టరికాల్లో మనకి సుఖమే. బావ, బావమరిది, మరిది అందరూ బో-ఫ్రేర్. వదిన, మరదలు, ఆడపడుచు బెల్-సర్. బెల్-మేర్ దగ్గరే జాగ్రత్త: అత్తగారు కావచ్చు, సవతి తల్లీ కావచ్చు, పక్క వాక్యం చూసి తేల్చుకోవాలి.

పెళ్లి కానివాళ్లు అక్క పెళ్లి చెప్పుకోవచ్చు: ‘మా సర్ సే మారియే’. సొంత విషయాలు చెప్పడం ఇష్టం లేకపోతే కల్పించి చెప్పినా తప్పులేదు, అక్కడ చూసేది ఫ్రెంచే. కాకపోతే దాని మీద ఇంకో ప్రశ్న పడొచ్చు. లేని భర్తని తెచ్చుకుంటే ఆయన ఉద్యోగం, వయసు కూడా ఫ్రెంచ్‌లో సిద్ధం చేసుకుని వెళ్లండి.