స్పీచ్ మా అమ్మాయిది, ఎర్ర పెన్ను స్కూలుది

టెక్సస్‌లో డాలస్ పక్కన ఒక పబ్లిక్ హైస్కూల్లో మా అమ్మాయి ఈ ఏడాది వాలెడిక్టోరియన్. అంటే బ్యాచ్ మొత్తానికి ఫస్ట్. కన్నతల్లిని, చెప్పుకోకుండా ఉండలేను. గ్రాడ్యుయేషన్ రోజున స్టేజి మీద మాట్లాడే అవకాశం దానిది. ఆ మాటలు స్కూలు చేత ఒప్పించడానికి పడ్డ తిప్పలు ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నాను, చల్లారాక రాస్తే మర్యాదగా వస్తుంది.

గౌను, టోపీ ఆర్డర్ పెట్టడం చిటికెలో పని. టోపీ మీద బొమ్మలు, రాతలు ఉండకూడదన్నారు, పెట్టలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తమామలకి టికెట్లు ఇప్పించింది ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే ఆవిడ. కౌన్సెలర్‌కి మెయిళ్లు పెడుతూ కూర్చోకండి, ఆ కుర్చీలో ఉన్న మనిషిని పట్టుకోండి.

స్పీచ్ ముందే రాసి ఇవ్వమన్నారు, ఇచ్చింది. తిరిగొచ్చేసరికి రెండు వాక్యాల మీద ఎర్ర గీత, పక్కన ‘పొలిటికల్’ అని ఒక్క ముక్క. మొదటి వాక్యం: ‘నాలుగో ఏట ఈ ఊరొచ్చాను, ఇరవయ్యొకటి నిండాక ఇక్కడ ఉండనిస్తారో లేదో నాకు తెలియదు.’ రెండోది: ‘మాలాంటి పిల్లల కోసం పెట్టిన బిల్లు కాంగ్రెస్‌లో మూలపడి ఉంది.’

హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గ్రీన్ కార్డులో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటనివ్వరు కాబట్టి మనవాళ్ల లైను కదలదు. పిల్లలు హెచ్‌4 అనే డిపెండెంట్ వీసా మీద పెరుగుతారు, ఇరవయ్యొకటి రాగానే ఆ హెచ్‌4 పోతుంది. మా అమ్మాయి స్నేహితురాళ్లు కాలేజీ హాస్టల్ రూముకి దుప్పట్లు ఎంచుకుంటుంటే ఇది ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి ఎప్పుడు మారాలో లెక్కలు వేసుకుంటోంది. ఇందులో రాజకీయం ఎక్కడుంది?

మాట్లాడదాం రమ్మని అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పిలిచాడు. ముగ్గురం వెళ్లాం. మొదట నవ్వుతూ, ఇది సంబరం రోజు, అందరూ సంతోషంగా ఇంటికెళ్లాలి అన్నాడు. తర్వాత 2021 ఎత్తాడు. ఆ ఏడాది ఇక్కడే డాలస్‌లో లేక్ హైలాండ్స్ హైస్కూల్ వాలెడిక్టోరియన్ ఒక స్పీచ్ ఇచ్చి ఒప్పించి, స్టేజి మీద వేరేది తీసి టెక్సస్ అబార్షన్ చట్టం మీద మాట్లాడింది. అప్పటినుంచీ స్కూళ్లన్నీ జాగ్రత్తగా ఉంటున్నాయట. మా పిల్ల రాసిందే చదువుతానంటోంది కదా, దొంగచాటుగా చేసినవాళ్ల కోపం దీనిమీద ఎందుకు?

అది మెల్లగా, ఏ రూలు ప్రకారం తీసేస్తున్నారో చెప్పమంది. ఆయన సమాధానం చెప్పలేదు. మావారి వైపు తిరిగి, “అసలు మీ స్టేటస్ ఏమిటి?” అన్నాడు.

పాతికేళ్ల ఉద్యోగంలో ఎవరికీ తలవంచని మనిషి ఫోన్ తీసి వీసా స్టేటస్ ఆమోదించిన ఐ-797 నోటీసు ఫొటో కోసం వెతకడం మొదలుపెట్టారు. మా చెల్లెలి పెళ్లి ఫొటోలు, కాస్ట్‌కో బిల్లు, మొన్న కారుకి పడ్డ గీత, ఒక్కొక్కటీ వేలితో తోసుకుంటూ పోతున్నారు. దొరికాక స్క్రీన్ పెద్దది చేసి ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని చదివాడు కూడా! చదివి ‘ఓకే’ అన్నాడు, మనల్ని పాస్ చేసినట్టు. మా అమ్మాయి కిందికి చూస్తూ కూర్చుంది. నాకు మాట రాలేదు, చెంపలు మాత్రం కాలిపోతున్నాయి.

పిల్లని స్కూల్లో చేర్చుకోవడానికి వీసా కాగితాలతో పనిలేదని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్లయిలర్ కేసు, అది వెళ్లింది కూడా టెక్సస్ నుంచే. చేర్చుకునేటప్పుడే అవసరం లేని ప్రశ్న స్పీచ్ దగ్గర ఎందుకొచ్చింది?

ఇంటికొచ్చాక మావారు ఒకటే మాట, “తీసేయమను, మనకెందుకీ గొడవ.” ఆయన భయం ఉత్తది కాదు. 2025 మార్చిలోనే టఫ్ట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న రుమేసా ఓజ్‌టర్క్‌ను ముసుగులు వేసుకున్న ఏజెంట్లు రోడ్డు మీద పట్టుకెళ్లారు. ఆ అమ్మాయి అంతకుముందు ఏడాది క్యాంపస్ పేపర్లో మరికొందరితో కలిసి ఒక వ్యాసం రాసింది. అది చూశాక ఏ వీసా తండ్రికి నిద్రపడుతుంది? నాకు కోపం వచ్చింది, ఈ సంగతి నేను పోస్టు చేసిన వాట్సాప్ గ్రూపు మీద. ‘వీసా మీద ఉన్నవాళ్లం, నోరు మూసుకుని పని చూసుకోవాలమ్మా’ అన్న పెద్దమనుషులే నా పోస్టు కింద దండం బొమ్మలు పెట్టారు. వాళ్ల పిల్లలందరికీ సిటిజన్‌షిప్ ఉంది లెండి, ఇక్కడే పుట్టారు.

కాగితాలు తిరగేసింది మా అమ్మాయే. పిల్లలు స్కూలు గేటు దగ్గర హక్కులు వదిలి రారని 1969లో టింకర్ కేసులో కోర్టు చెప్పింది. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చేతికి నల్ల బ్యాండ్లు కట్టుకున్న పిల్లల కేసు అది. సరేగానీ స్టేజి, మైకు స్కూలువి. స్కూలు తన పేరుతో నడిపే వాటిలో, చదువుకి సంబంధించిన సబబైన కారణం ఉంటే, కత్తెర వేయొచ్చని 1988లో హేజిల్‌వుడ్ కేసులో అదే కోర్టు అంది. స్కూళ్లు పట్టుకుని వేలాడేది దీన్నే. కాబట్టి టింకర్ ఒక్కటీ పట్టుకుని ఆవేశంగా వెళ్లకండి.

మాకు పనికొచ్చింది టెక్సస్ సొంత చట్టం. 2007లో, ముఖ్యంగా పిల్లల మతవిశ్వాసాలకి రక్షణగా చేసింది. స్టేజి మీద మాట్లాడే విద్యార్థుల విషయంలో ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ (అంటే ఆ ప్రాంతపు స్కూళ్లని నడిపే సంస్థ) ఒక పాలసీ పెట్టుకోవాలి. ఆ చట్టంలోనే ఇచ్చిన నమూనా పాలసీలో, గ్రాడ్యుయేషన్ స్పీచ్ దేని గురించి ఉండొచ్చో రాసి ఉంది. జీవితం, స్కూలు, సాధించినవి, భవిష్యత్తు వైపు చూపు, వీటి మీద విద్యార్థి అభిప్రాయం చెప్పొచ్చట. మా డిస్ట్రిక్టు పాలసీలోనూ అదే మాట దిగింది. ఇరవయ్యొకటో ఏడు గురించి మాట్లాడటం భవిష్యత్తు వైపు చూపు కాకపోతే మరేమిటి? పైగా మాటలు విద్యార్థివే, మాకు సంబంధం లేదని ప్రోగ్రాం పుస్తకంలో స్కూలే అచ్చేసుకుంటుంది. సంబంధం లేనప్పుడు ఎర్ర పెన్ను ఎందుకు పట్టుకున్నట్టు?

వెతుక్కునేవాళ్లకి: డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో బోర్డు పాలసీలు ఉంటాయి. విద్యార్థుల భావప్రకటనకి ఎఫ్ఎన్ఏ లోకల్, ఫిర్యాదుకి ఎఫ్ఎన్‌జీ లోకల్. ఫిర్యాదు మొదట ప్రిన్సిపాల్‌కి, తర్వాత సూపరింటెండెంట్ ఆఫీసుకి, ఆఖరికి బోర్డుకి. గడువు ఉంటుంది, దాటితే అంతే సంగతులు. వాళ్లు ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమనండి. మీటింగ్‌లో అన్నమాటలు ఇంటికి రాగానే రాసి వాళ్లకే పంపండి. ఆ స్టేటస్ ప్రశ్నను నేను అలాగే పంపాను, కాదని ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు.

ఫిర్యాదు పెట్టాక ప్రిన్సిపాల్ స్వయంగా పిలిచింది. ఆవిడ మనిషే. ఇరవయ్యొకటి వాక్యం ఉంచుకోండి, కాంగ్రెస్ వాక్యం వదిలేయండి అంది. మావారు వెంటనే తలూపారు. అమ్మాయి ఒప్పుకుంది గానీ కారులో ఇద్దరితోనూ మాట్లాడలేదు.

సెరెమనీ బాగా జరిగింది. మైకు ఎవరూ కట్ చేయలేదు. మా అమ్మాయి వాక్యం చదవగానే వెనక వరసల్లో మనవాళ్ల పిల్లలు కేకలు పెట్టారు. మా మామగారు, “ఏమందే, అంత గోల చేస్తున్నారు?” అని అడుగుతూనే చప్పట్లు కొట్టారు.

కాంగ్రెస్ వాక్యం, స్టేటస్ ప్రశ్న, రెండిటి మీదా రెండో మెట్టు అప్పీలు వేశాం. హియరింగ్ జూన్‌లో ఇచ్చారు, స్పీచ్ అయిపోయాక. వద్దన్న మావారే ఆ రోజుకి సెలవు పెట్టారు. ఆ అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ని కూడా రమ్మని మెయిల్‌లో అడిగాను. మా కాగితాలు ఏ పాలసీ ప్రకారం అడిగాడో నంబరుతో సహా చెప్పమనాలి.