నా రక్తంలో లేని ఎంజైమ్

మూడేళ్ల క్రితం విజయవాడలో నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. గంటలోపే ముగిసింది కానీ ఊపిరి రాలేదు. నాలుగు గంటలపైనే వెంటిలేటర్ మీద ఉంచారు. మధ్యలో మెలకువ వచ్చి, కదల్లేక భయపడతానేమోనని మత్తు డాక్టరుగారు మత్తు ఆపకుండా ఇస్తూ పక్కనే కూర్చున్నారట. ఆయన రుణం తీర్చుకోలేను.

మర్నాడు ఆయనే వచ్చి, "అమ్మా, మీరు వైశ్యులా? మీ ఇంట్లో మేనరికాలున్నాయా?" అని అడిగారు. రెండూ నిజమే. మా అమ్మ చేసుకున్నది సొంత మేనమామని.

గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు నాకు సక్సినైల్‌కోలిన్ ఇచ్చారు. నరాలు కండరాలకు కబురందించే ఎసిటైల్‌కోలిన్ అణువులు రెండు జతకూడితే అదే. విడి ఎసిటైల్‌కోలిన్‌ని నరం చివర ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ క్షణంలో విరిచేస్తుంది. జంటని మాత్రం విరచలేదు. ఆ పని లివర్‌లో తయారై రక్తంలో తిరిగే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్‌ది. అది ఉన్నవాళ్లకు మందులో చాలావరకు కండరం దాకా చేరకముందే ముక్కలైపోతుంది, పది నిమిషాల్లో ఊపిరి వచ్చేస్తుంది. నాకు లేనిది ఆ రెండోదే. దక్షిణాది వైశ్యుల్లో ఈ జన్యులోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువట. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, పాడైన కాపీలు రెండూ నాకు వచ్చాయి. మామూలు రోజుల్లో ఆ లోటు తెలియదు. ముప్ఫై రెండేళ్లు నాకూ తెలియలేదు.

పరీక్ష పేరు సీరమ్ కోలినెస్టరేజ్. చీటీ చూసి ల్యాబ్ కుర్రాడు మావారిని పక్కకు పిలిచి, "పురుగుమందేమైనా తాగారా అండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు. అతని తప్పేం లేదు. మిర్చి, పత్తి పండే మా వైపు ఈ పరీక్ష ఎక్కువగా ఆ కేసులకే రాస్తారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు రెండు ఎంజైమ్‌లనూ కట్టేస్తాయి. ల్యాబ్‌లో బ్యుటిరైల్‌కోలిన్‌ని పోలిన పదార్థాన్ని మన సీరమ్‌లో కలుపుతారు. ఎంజైమ్ దాన్ని విరిచేకొద్దీ పసుపు రంగు తేలుతుంది. నాది తేలలేదు. అంకె దాదాపు సున్నా.

తమ్ముడిది బాగానే ఉంది, చెల్లిది నాలాగే. అప్పటికి దానికి ఆరో నెల. రిపోర్టు పట్టుకుని వాళ్ల ఆసుపత్రికి నేనే వెళ్లాను. ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో "సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం వద్దు" అని రాశారు. ఆ రెండోది కూడా కండరాలను వదులు చేసేదే, దాన్నీ ఇదే ఎంజైమ్ విరవాలి. సిజేరియన్ వెన్నులో ఇంజెక్షన్‌తోనే జరిగింది. పూర్తి మత్తు అవసరమైతే వాడాలని, ఈ ఎంజైమ్‌తో పనిలేని రోక్యురోనియం సిద్ధంగా ఉంచారు, దాని అవసరం రాలేదు.