వఫ్రా తోటలో నేర్చుకుంటున్న సేద్యం

కువైట్‌కు దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దును ఆనుకొని ఉన్న వఫ్రాలో ఒక మజ్రాలో, అంటే వ్యవసాయ తోటలో, నాకు పని. కడప వైపు నుంచి ఇక్కడికి వచ్చినవారిలో ఇంటిపనివారు, డ్రైవర్లు ఎక్కువ. తోటపనిని వారు అన్నిటికంటే తక్కువగా చూస్తారు. "మట్టి పిసుక్కోవడానికి విమానమెక్కి రావాలా అన్నా?" అని మొహంమీదే అడిగినవారూ ఉన్నారు. ఊళ్లో నా పేరున సెంటు భూమి లేదు, ఇంటికి పంపగా జీతంలో మిగిలేదీ అంతంతమాత్రమే. అయినా భూమి కొనేదాకా సేద్యం నేర్చుకోకుండా ఆగాలని నాకు లేదు. కువైట్ సంపాదనతో తోటలు కొని, మోటారు స్టార్టరు పెట్టె తెరవడం కూడా తెలియక కౌలుకిచ్చేసిన వారిని మా వైపు చాలామందిని చూశాను.

నది అన్నది లేని దేశం ఇది. భూమిలోనుంచి తోడే నీరు ఉప్పన. వాన ఏడాది మొత్తానికి సుమారు 110 మిల్లీమీటర్లు. అందువల్ల ఇక్కడ సేద్యమంటే ముందుగా ఉప్పుతో వేగడం. నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్ దగ్గర తడిసిన నేల మధ్యలో ఉప్పు తక్కువగా ఉంటుంది, తడి ఆగిపోయే అంచున తెల్లగా పేరుకుంటుంది. చిన్న వాన పడితే ఆ అంచు ఉప్పు కరిగి వేళ్లవైపు దిగుతుంది గనుక, చినుకులు పడుతున్నప్పుడు డ్రిప్పు కట్టేయకూడదు, ఆ ఉప్పును మళ్లీ అంచుకు నెట్టేలా ఇంకా నడపాలి. వానలో నీళ్లు పెట్టమని మా ఈజిప్టు మేస్త్రీ చెప్పినప్పుడు అతనికి మతి చలించిందనే అనుకున్నాము. మరునాడు గట్టుమీది తెల్లపొరను వేలితో గీకి చూపిన తరువాత ఎవరమూ మారు మాట్లాడలేదు. ఫిల్టరు కడగడం, పైపుల చివరి మూతలు విప్పి బురద వదిలేయడం, ఈసీ మీటరుతో నీటి ఉప్పదనం చూడడం ఇప్పుడు నాకు చేతిపనులే. రాయలసీమలోనూ కొన్ని బోర్లలో నీరు ఉప్పగానే ఉంటుంది, డ్రిప్పుకు ప్రభుత్వ రాయితీ 2003 నుంచీ ఉంది. పరికరం చేతికొచ్చినా దాన్ని నిలబెట్టుకునే పనితనం కొరవడిన పొలాలే నాకు ఎక్కువ కనిపించాయి.

తాటిలో ఉన్నట్టే ఖర్జూరంలోనూ పోతు, పెంటి వేరువేరు. శీతాకాలం వెళ్లే రోజుల్లో పెంటిచెట్టు పూగెల డొప్ప పగలగానే, ముందు ముళ్లు నరికి దారి చేసుకొని, పోతుపూల రెబ్బలు కొన్నిటిని తలకిందులుగా ఆ గెల నడుమ దోపి, ఆకు పేడుతో వదులుగా కట్టాలి. బిగించి కడితే గెల విచ్చుకోలేదు, మరీ వదిలేస్తే గాలికి రెబ్బలు జారిపోతాయి; ఆ కట్టులోనే పనితనమంతా ఉంది. అనంతపురం వైపు కొందరు రైతులు బర్హీ రకం ఖర్జూరం పెంచుతున్నారు గనుక ఈ విద్యకు అక్కడా గిరాకీ ఉంటుందని నా నమ్మకం.

ఈ దేశంలోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. ఆ వేళల్లో చాలామంది పడుకుంటారు. నేను మాత్రం షెడ్డులో పంపు విప్పే పాకిస్తానీ మెకానిక్ పక్కన కూర్చుంటాను. నీరు కారే సీలు మార్చడం, పీవీసీ పైపు అతికించడం అతని చలవే. పారేసిన పైపు ముక్కలతో మా గది వెనుక గోంగూర, పాలకూర మళ్లు వేశాను. చలికాలంలో కూర అక్కడిదే. మజ్రా పంటమీద చేయకూడని ప్రయోగాలన్నీ ఆ మళ్లలో చేస్తాను: ఒక వరుసకు నీరు తగ్గించడం, మరొకదానికి గడ్డి కప్పడం. ఫలితం చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాను.

ఈసారి సెలవులో రైల్వేకోడూరు దగ్గర మేనమామ కౌలుకు చేసే బొప్పాయి తోటకు వెళ్తున్నాను. ఫోనులో ఆయన మాట ఒక్కటే: "డ్రిప్పు సంగతి పూర్తిగా నువ్వే చూసుకో అల్లుడూ, మందుల సంగతి మాత్రం నన్ను చూసుకోనీ." బొప్పాయిలో వైరస్ తెగులు గుర్తుపట్టడం నాకింకా రాదు, కనుక ఆ ఒప్పందం నాకూ సమ్మతమే.