మోక్షానికి విడిగా పుస్తకం రాయని వళ్లువర్

తమిళ కవి వళ్లువర్ రాసిన తిరుక్కురళ్‌లో 133 అధ్యాయాలు. ధర్మానికి 38, అర్థానికి 70, కామానికి 25. మోక్షానికి విడిగా భాగమే లేదు. మొత్తం 1330 కురళ్లూ, అంటే రెండేసి పాదాల పద్యాలూ, అయ్యాక చిట్టచివర మాట అలక గురించి! అలగడమే ప్రేమలో సుఖమట, అలక తీరాక దొరికే కౌగిలి ఆ అలకకి సుఖమట.

ఐదు ఇంద్రియాల సంగతి మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆరో కురళ్‌లో ఆ ఐదింటినీ అణచిన భగవంతుడి దారి పట్టమంటాడు. 1101వ దానిలో ఒక ప్రేమికుడు, కంటికీ చెవికీ నాలుకకీ ముక్కుకీ ఒంటికీ దొరికే సుఖాలన్నీ ఈ గాజుల పిల్ల దగ్గరే ఉన్నాయంటాడు. నాకు ఎక్కువ నచ్చేది 27వది. రుచి, రూపం, స్పర్శ, శబ్దం, వాసన, వీటి తత్త్వం తెలిసినవాడిదే లోకమని. ఇది ఉన్నదేమో సన్యాసుల గొప్పతనం చెప్పే అధ్యాయంలో!

అది చదివినప్పుడల్లా మా పెద్దత్తగారే గుర్తొస్తారు. కాశీ వెళ్లిన చాలామంది ఎటూ తినని కాకరకాయని వదిలేసి పుణ్యం మూటగట్టుకుంటారు. ఈవిడ పనసపొట్టు కూర వదిలారు. కోనసీమలో పుట్టి, పనసపొట్టు వదలడం! మా ఇంట్లో ఆ కూర వండిన రోజున, సరిగ్గా ఆవ పెట్టే వేళకి వంటింటి గుమ్మంలో నిలబడతారు. పైగా తీర్పు కూడానూ: "ఆవ ఘాటు చాల్లేదే." "మీరు వదిలేశారు కదా అత్తయ్యగారూ" అంటే, "తిననని గంగలో ములిగి చెప్పాను గానీ వాసన చూడనన్నానా?" అంటారు.

వదిలిందేమిటో ఆవిడ ముక్కుకి బాగా తెలుసు. అందుకే ఆ వదలడం మీద నాకు గౌరవం. ఆశ తెగితే ఎడతెగని ఆనందం ఇక్కడే దొరుకుతుందని 369వ కురళ్. నా మటుకు నాకు అంత దూరం చూపు ఆనదు.

మొన్న ఆవిడకి 1103 చదివి వినిపించాను. ప్రియురాలి మెత్తని భుజం మీద నిద్ర కన్నా తామరకన్నులవాడి లోకం తియ్యనిదా, అని. విష్ణులోకాన్ని అంత మాట అన్నందుకు కోప్పడతారనుకున్నాను.

"ర్యాలి గుడిలో విగ్రహం చూళ్లేదా? ముందు కేశవస్వామి, వెనక్కి తిరిగితే మోహిని. ఒకటే రాయి" అని, మజ్జిగ కలపమన్నారు.